పాత ఇంటి మురుగు లైను మాటిమాటికీ జామ్ అవుతోందా? ఫ్లోరింగ్ పగలగొట్టే ముందు ఛాంబర్ మూత తీయండి

ఇది పాతికేళ్లు, ముప్పై ఏళ్లు దాటిన ఇళ్ల గురించి. ఇలాంటి ఇళ్లలో బాత్రూం నుంచి రోడ్డు దాకా నేల కింద గోధుమరంగు స్టోన్‌వేర్ పైపులు ఉంటాయి. రెండేసి అడుగుల ముక్కలు, ముక్కకూ ముక్కకూ మధ్య తారు నార కూరి సిమెంటు పెట్టిన జాయింటు. అంటే 40 అడుగుల లైనులో దాదాపు 20 జాయింట్లు. పైపు గట్టిదే, ఆసిడ్ పోసినా దానికేం కాదు. దెబ్బతినేది జాయింటులోని సిమెంటు. జామ్ అయిన ప్రతిసారీ ఆసిడ్ బాటిల్ గుమ్మరించే ఇళ్లలో అది ఇంకా తొందరగా పోతుంది.

నహానీ ట్రాప్ (బాత్రూం నేల మీద జాలీ కింద ఉండేది) శుభ్రం చేయడం, కమోడ్‌లో రబ్బరు పంపు కొట్టడం మీకు తెలిసినవే అనుకుని అక్కణ్నుంచి మొదలుపెడుతున్నాను.

నీళ్లు వెనక్కి తన్నుతున్నాయి: ఎక్కడ ఆగింది?

బాత్రూంలో నీళ్లు పైకి రాగానే చాలామంది బాత్రూం టైల్స్ పగలగొట్టే మేస్త్రీని పిలుస్తారు. పగలగొట్టాక చూస్తే అక్కడ ఏమీ ఉండదు. టైల్స్, కూలి, వారం రోజుల టెన్షన్ అన్నీ వృథా. చేయాల్సిన మొదటి పని పైసా ఖర్చు లేనిది. ఇంటి నుంచి రోడ్డు వరకూ ఉన్న ఛాంబర్ల (లైనును చూడటానికి, శుభ్రం చేయడానికి మధ్య మధ్యలో కట్టిన గుంతలు) మూతలన్నీ తెరిచి ఎందులో నీళ్లు నిలిచాయో, ఎందులో లేవో చూడండి.

ఛాంబర్లన్నీ ఖాళీగా ఉండి కమోడ్ మాత్రం నిండితే, అడ్డం కమోడ్‌కీ మొదటి ఛాంబర్‌కీ మధ్య ఉంది. మొదటిది నిండి రెండోది ఖాళీగా ఉంటే ఆ రెండింటి మధ్య. ఇలా నిండిన చివరి ఛాంబర్‌కీ, ఖాళీగా ఉన్న మొదటి ఛాంబర్‌కీ నడుమే వెతకాలి. అన్నీ నిండి ఉంటే తప్పు మీ ఇంట్లో ఉండకపోవచ్చు. రోడ్డు మీద మ్యాన్‌హోల్ పొంగుతోందేమో, పక్కింటివాళ్లకూ ఇదే బాధ ఉందేమో కనుక్కోండి. హైదరాబాద్‌లో అయితే జలమండలి 155313కి, వేరే ఊళ్లలో మున్సిపాలిటీకి ఫిర్యాదు చేయాలి. వానాకాలంలో పల్లపు ఇళ్లకు ఇది మామూలే. అలాంటి ఇంటికి చివరి ఛాంబర్ దగ్గర నీళ్లు వెనక్కి రానివ్వని వాల్వు పెట్టించుకుంటే చాలావరకు ఊరట.

"మా ఇంట్లో ఛాంబర్లే లేవండి" అనేవాళ్లు చాలామంది. ఉంటాయి. కారు పార్కింగ్‌కి టైల్స్ వేయించినప్పుడు మూతల మీదే వేసేసి ఉంటారు. బాత్రూం గోడ బయట, పైపు మలుపు తిరిగే చోట, వంటింటి లైను వచ్చి కలిసే చోట, గేటు దగ్గర నేలను గడ్డపార మొనతో తట్టి చూడండి. గుల్ల శబ్దం వచ్చిన చోట మూత ఉంటుంది. ఒక టైలు పోతే పోనివ్వండి. తర్వాత అక్కడ తీసి పెట్టుకునే మూత బిగించుకోండి.

మూత తీయగానే లోపలికి తల పెట్టకండి, అగ్గిపుల్ల గీయకండి. కాసేపు గాలి ఆడనివ్వండి. లోతు మ్యాన్‌హోల్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని అస్సలు దింపొద్దు. అక్కడి విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. రక్షణ పరికరాలు లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

ఎప్పుడో ఒకసారి జామ్ అయింది

ప్యాడ్లు, తడి టిష్యూలు, గుడ్డ ముక్కలు, వంటనూనె గడ్డలు. వెదురు బద్దతోనో స్ప్రింగ్ మిషన్‌తోనో తీయించండి. సరిపోతుంది.

బాగుచేసిన కొన్ని వారాలకే మళ్లీ జామ్

స్ప్రింగ్ బయటికి లాగినప్పుడు దాని కొసకు జుట్టులాంటి సన్నటి వేర్లు చుట్టుకుని వస్తే సంగతి తేటతెల్లమే. గోడ పక్కన రావి, మర్రి, జువ్వి, వేప, కొబ్బరి లాంటివి ఏమున్నాయో చూడండి. వేరు మంచి పైపును పగలగొట్టుకుని లోపలికి రాదు. కారుతున్న జాయింటు దగ్గర తడి తగిలి, అక్కడి సందులోంచి దూరుతుంది. వేర్లు కోయిస్తే కొన్నాళ్లు ఆగుతుంది. మైలుతుత్తం పోస్తే ఇంకొన్నాళ్లు. జాయింటు తెరుచుకునే ఉంటుంది కాబట్టి వేరు మళ్లీ వస్తుంది. చెట్టు కొట్టేయక్కర్లేదు, ఆ రెండు ఛాంబర్ల మధ్య పైపు మార్చండి.

వేర్లు రాలేదు, గుడ్డలు రాలేదు, అయినా అదే చోట జామ్ అవుతోంది. అసలు మోసం ఇక్కడే ఉంది.

ఛాంబర్ అడుగున మట్టి

తర్వాతిసారి శుభ్రం చేయించినప్పుడు కింది ఛాంబర్ అడుగున పేరుకున్నదాన్ని పారతో తీసి గట్టు మీద వేసి చూడండి. అందులో ఇసుక గానీ, ఎర్రమట్టి గానీ, నల్లరేగడి గానీ కనిపిస్తే ఆగి ఆలోచించండి. కమోడ్‌లోంచి మట్టి రాదు. వాకిలి కడిగిన నీళ్లు, గిన్నెలు తోమే చోటు, మేడ మీద వాననీళ్లు ఆ లైనులో కలవడం లేదని ఖాయం చేసుకోండి. అవేవీ కలవకపోతే ఆ మట్టి పైపు చుట్టూ ఉన్న నేల నుంచే వస్తోంది. అంటే పైపు ఎక్కడో విరిగింది, లేదా జాయింటు విడిపోయింది.

లోపల జరిగేది ఇది. జాయింటు సిమెంటు ఊడి సందు పడుతుంది. లైను నిండినప్పుడల్లా మురుగు ఆ సందులోంచి బయటికి పోయి చుట్టూ మట్టిని నానబెడుతుంది. జామ్ తీసేయగానే లైను ఖాళీ అవుతుంది, నానిన నీళ్లు తిరిగి పైపులోకి వస్తూ మెత్తటి మట్టిని వెంట తెస్తాయి. వాన పడ్డప్పుడూ ఇదే. అలా పైపు కింద బొరియ పడి, పైపు అందులోకి కుంగుతుంది. కుంగిన చోట నీళ్లు నిలుస్తాయి, మలం అడుక్కి చేరుతుంది, మళ్లీ జామ్. అంటే ప్రతి జామూ, ప్రతి క్లీనింగూ ఆ బొరియను ఇంకాస్త పెంచుతున్నాయి. జెట్టింగ్ మిషన్‌తో (ఒత్తిడితో నీళ్లు కొట్టేది) గట్టిగా కొట్టిస్తే ఇంకా వేగంగా పెరుగుతుంది.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, శుభ్రం చేశాక నీళ్లు చక్కగా పోతాయి. కుంగిన పైపు కూడా నీళ్లను పోనిస్తుంది, ఆపేది మలాన్ని. బకెట్ నీళ్లు పోసి "చూశారా సార్, క్లియర్" అని చెప్పి వెళ్లిపోయే ప్లంబర్ అబద్ధం ఆడటం లేదు. ఆ పరీక్షే సరిపోదు. నాలుగు నెలలకోసారి వచ్చే జామ్ రెండు నెలలకు, తర్వాత మూడు వారాలకు వస్తోందంటే లోపల కుంగుడు పెరుగుతున్నట్టే.

నిర్ధారించుకోవడానికి రెండు పనులు చేయండి. ఒకటి, బద్ద ఎంత దూరం వెళ్లి ఆగిందో దానికి తాడు కట్టి గుర్తు పెట్టి, బయటికి తీశాక టేపుతో కొలిచి రాసుకోండి. వచ్చేసారి కూడా అదే కొలత దగ్గర ఆగితే తప్పు పైపుది. వేరే చోట ఆగితే మీరు లైనులో వేస్తున్న వస్తువులది.

రెండోది అద్దం పరీక్ష. రెండు ఛాంబర్ల మధ్య పైపు తిన్నగానే ఉంటుంది. లైను శుభ్రం చేయించి అరగంట నీళ్లు వాడకుండా ఉండండి. ఒక ఛాంబర్‌లో పైపు నోటి దగ్గర టార్చి పట్టుకోమని ఇంకొకరికి చెప్పి, మీరు రెండో ఛాంబర్‌లో చిన్న అద్దం వాలుగా పెట్టి చూడండి. నిండు గుండ్రంగా వెలుగు కనిపిస్తే పైపు బాగుంది. అడుగు భాగం కోసేసినట్టు సగం చంద్రుడిలా కనిపిస్తే మధ్యలో నీళ్లు నిలిచాయి, పైపు కుంగింది. అసలు వెలుగే కనిపించకపోతే పైపు పక్కకు జరిగింది, లేదా బాగా కిందికి దిగింది. పైపులోకి పంపే కెమెరా ఉన్నవాళ్లు దొరికితే మంచిదే. కెమెరా నీళ్లలో మునిగి కొన్ని అడుగుల తర్వాత మళ్లీ తేలిందంటే కుంగిన చోటు అదే.

ఎక్కువసార్లు ఇది ఇంటి గోడ బయట మూడు నుంచి ఆరు అడుగుల లోపల ఉంటుంది. ఇల్లు కట్టినప్పుడు పునాది కోసం తవ్విన గుంతను తర్వాత వదులు మట్టితో పూడుస్తారు. పైపు ఒక కొస గోడలో సిమెంటుతో బిగిసి ఉంటుంది, మిగతాది ఆ వదులు మట్టి మీద ఉంటుంది. మట్టి దిగితే గోడ దిగదు, మధ్యలో పైపు విరుగుతుంది. మేడ మీది వాననీటి గొట్టం సరిగ్గా అక్కడే దిగుతుంటే చెప్పక్కర్లేదు. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి నేలల్లో వానకు నేల ఉబ్బి, ఎండకు బిగిసి పగుళ్లు విడుస్తుంది. ఇలాంటి చోట సిమెంటు జాయింట్లు నిలవడం కష్టం.

కుంగిన లైనుకు మరమ్మతు

విరిగిన రెండడుగుల ముక్క ఒక్కటే తీసి, చుట్టూ సిమెంటు మెత్తి పూడ్చేయడం అందరూ చేసే పని. కింద బొరియ అలాగే ఉంటుంది, పైన సిమెంటు బరువు కొత్తగా చేరుతుంది. మరుసటి వానాకాలానికి పక్క జాయింటు విడిపోతుంది. ఛాంబర్ నుంచి ఛాంబర్ దాకా మొత్తం మార్చండి. అప్పుడు పాత పైపుకూ కొత్త పైపుకూ మధ్యలో అతుకు ఉండదు, రెండు కొసలూ ఛాంబర్ గోడల్లోకి వస్తాయి.

పైపు 110 ఎంఎం ఎస్‌డబ్ల్యూఆర్ (మురుగుకూ, వాననీటికీ వాడే పీవీసీ పైపు) తీసుకుంటే టైప్ బి అడగండి. టైప్ ఎ వాననీటికి, గాలి గొట్టానికి. నేల కింద వేయడానికే తయారుచేసే ఇటుక రంగు యూపీవీసీ పైపు, ఐఎస్ 15328 గుర్తు ఉన్నది, దొరికితే ఇంకా మేలు. రబ్బరు రింగు జాయింట్లు వాడండి, నేల కొద్దిగా కదిలినా అవి సర్దుకుంటాయి.

తవ్వినప్పుడు నానిన మెత్తటి మట్టి అంతా, గట్టి నేల తగిలే దాకా, తీసేయాలి. ఆ లోతును మొరంతో పొరలు పొరలుగా నీళ్లు చల్లి దిమ్మిస చేసి నింపాలి. దాని మీద మూడు నాలుగు అంగుళాల ఇసుక, ఇసుక మీద పైపు. జాయింటు కాలర్ ఉన్న చోట ఇసుకను కొంచెం తోడి, పైపు పొడవునా నేలకు ఆనేలా చూడాలి. వాలు కోసం పైపు కింద ఇటుక ముక్కలు పెట్టే అలవాటు మన మేస్త్రీలకు ఉంది. దయచేసి పెట్టనివ్వకండి. ఇటుక దిగదు, చుట్టూ ఇసుక దిగుతుంది, రెండు ఇటుకల మధ్య పైపు మళ్లీ వంగుతుంది. గుంత ఐదు అడుగుల లోతు దాటితే పక్కలకు చెక్కలు ఆనించకుండా మనిషిని అందులో పని చేయనివ్వొద్దు.

వాలు నాలుగంగుళాల పైపుకు పది అడుగులకు మూడు అంగుళాలు, ఆరంగుళాల పైపుకు పది అడుగులకు రెండు అంగుళాలు. కంటితో అంచనా వేయడం కాదు, లెవెల్ ట్యూబ్‌తో చూడాలి. గోడలోంచి పైపు వచ్చే చోట చుట్టూ సిమెంటుతో బిగించకండి. రెండు అంగుళాల ఖాళీ వదిలి తారు లాంటి మెత్తటి పదార్థంతో మూయండి, గోడ బయట అడుగు దూరంలోనే ఒక రబ్బరు రింగు జాయింటు వచ్చేలా చూడండి. ఛాంబర్ అడుగు చదునుగా వదలకుండా సగం పైపు ఆకారంలో కాలువ తీయించండి.

పూడ్చే ముందు కింది కొస గట్టిగా మూసి, లైను నిండా నీళ్లు పోసి, పై ఛాంబర్‌లో మట్టం దగ్గర గీత గీయండి. అరగంటలో గీత నుంచి నీళ్లు దిగితే జాయింటు కారుతోంది. మేస్త్రీకి తొందరగా ఉన్నా ఈ పరీక్ష వదలొద్దు. తర్వాత వాననీటి గొట్టాన్ని అక్కణ్నుంచి దూరంగా మళ్లించండి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు తిరుగుతోందేమో చూడండి. నేల కింద మంచినీటి పైపు కారుతుంటే కొత్త లైను కింద మట్టినీ అది తినేస్తుంది.

సంపులో నీళ్లు వాసన, రంగు

పాత ఇళ్లలో సంపు, చివరి ఛాంబర్ రెండూ గేటు దగ్గరే పక్కపక్కన ఉంటాయి. సంపు నీళ్లు వాసన వస్తే ఆ నీళ్లు తాగడం, వంటకు వాడటం అప్పుడే ఆపేయండి. ఛాంబర్‌లో ముదురు రంగు కలిపిన నీళ్లు పోసి, సంపు కొంత ఖాళీ చేసి, మర్నాటి దాకా గోడలను గమనించండి. రంగు ఊరితే లైను మార్చేదాకా, సంపు గోడ బాగుచేసి బ్లీచింగ్ పౌడర్‌తో కడిగేదాకా ట్యాంకరే గతి. రంగు కనిపించలేదని నిశ్చింతగా ఉండొద్దు, నీళ్లు పరీక్షకు పంపండి.

జామ్ లేదు, వాసన మాత్రం వస్తోంది

వాడని బాత్రూంలో ట్రాప్ (నీళ్లు నిలిచి వాసనను ఆపే వంపు) ఎండిపోయి ఉంటుంది. చెంబెడు నీళ్లు పోయండి. నీళ్లు పోసినా తగ్గకపోతే గోడ బయట నీళ్లు పడే గల్లీ ట్రాప్ పగిలిందేమో చూడండి.

అరుదైనవి

బోరు లారీ ఎక్కి పైపు నలగడం: అది ఎక్కిన రోజు నుంచే తెలుస్తుంది. గాలి గొట్టంలో పిట్టగూడు: కమోడ్‌లో గుడగుడ శబ్దం, పైకెక్కి తీసేయడమే. కట్టినప్పుడే వాలు తప్పడం: అయితే మొదటి ఏడాదే బాధ మొదలయ్యేది, ముప్పై ఏళ్ల తర్వాత కాదు. తవ్వకుండా పైపు లోపల పొర వేసే పద్ధతి పెద్ద నగరాల్లో ఉంది. పగుళ్లకు, వేర్లకు పనికొస్తుంది. కుంగిన పైపులో ఆ పొర కూడా కుంగిన ఆకారంలోనే గట్టిపడుతుంది కాబట్టి దానికి డబ్బు పెట్టకండి.