తీర సముద్ర పరిశోధనకు రేడియో స్థాననిర్ణయ వ్యవస్థను నెలకొల్పే విధానం

ఒడ్డున రెండు ట్రాన్స్‌పాండర్లను (అందిన సంకేతానికి బదులు సంకేతం పంపే యంత్రాలను) నిలిపి, పడవలోని యంత్రం పంపిన సంకేతం వాటిని చేరి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి రెండు దూరాలను తెలుసుకుని, ఆ దూరాల వృత్తాలు ఖండించుకున్న చోట పడవను గుర్తించడం ఈ పద్ధతి. రాకపోకల కాలంలో ఒక నానోసెకను పొరపాటు పడితే దూరంలో 15 సెంటీమీటర్ల తేడా వస్తుంది.

శ్రద్ధ అంతా ముందుగా ఒడ్డున స్థలాల ఎంపికపై పెట్టాలి. అక్కడి తప్పును పడవలోని ఎంత ఖరీదైన యంత్రమూ సరిదిద్దలేదు. పడవ నుంచి ట్రాన్స్‌పాండర్లున్న రెండు ఒడ్డు కేంద్రాలకు గీసిన రేఖల మధ్య కోణం 90 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. అది 30 డిగ్రీలకు తగ్గితే స్థానంలోని దోషం రెట్టింపవుతుంది, 150 వద్దా అంతే. కాబట్టి పటం మీద పరిశోధన ప్రాంతపు నాలుగు మూలల నుంచీ ఈ కోణాన్ని కొలిచి చూశాకే స్తంభాలు పాతాలి. కేంద్రాలను కలిపే రేఖకు అవతలివైపు కూడా అవే దూరాలున్న మరో బిందువు ఉంటుంది. తిన్నని తీరంలో అది నేలమీద పడుతుంది గనుక చిక్కులేదు గానీ, అఖాతంలో రెండూ నీటిలోనే పడవచ్చు.

మైక్రోవేవ్ సంకేతానికి అడ్డులేని చూపు కావాలి. ఒడ్డు యాంటెన్నా 25 మీటర్లు, పడవ యాంటెన్నా 4 మీటర్లు ఎత్తున ఉంటే సుమారు 29 కిలోమీటర్ల వరకు అందుతుంది. అయితే ఎత్తు పెరిగేకొద్దీ ఏటవాలు దూరాన్ని సమతల దూరంగా మార్చుకోక తప్పదు: 100 మీటర్ల కొండ నుంచి కిలోమీటరు దూరంలో ఈ సవరణ 5 మీటర్లు. కొన్ని దూరాల్లో నీటిపై పరావర్తనం చెందిన తరంగం నేరుగా వచ్చినదాన్ని రద్దు చేయడంతో సంకేతం మాయమవుతుంది. యంత్రం చెడిందనుకుని విప్పేముందు యాంటెన్నా ఎత్తును కాస్త మార్చి చూడటం మేలు.

బదులు పంపడంలో ప్రతి ట్రాన్స్‌పాండర్‌కూ తనదైన జాప్యం ఉంటుంది గనుక, పనిలో వాడబోయే తీగలతోనే, ముందే కచ్చితంగా కొలిచిన దూరంపై ఒక్కొక్కదాన్ని సరిచూడాలి. గాలి వక్రీభవనాన్ని లెక్కలోకి తీసుకోకపోతే 10 కిలోమీటర్లకు దాదాపు 3 మీటర్లు తప్పుతుంది.

పడవలో యాంటెన్నాను లోతుమాపకానికి సరిగ్గా పైన బిగించాలి. వీలుకాకపోతే రెండింటి మధ్య ఎడాన్ని కొలిచి నమోదు చేయాలి. 5 మీటర్ల స్తంభం 10 డిగ్రీలు ఒరిగితే యాంటెన్నా 87 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుందని గుర్తుంచుకుని, అలలు పెద్దవిగా ఉన్నప్పుడు ఒరుగును కూడా నమోదు చేయాలి. వీలైతే మూడో కేంద్రం కూడా పెట్టుకోవాలి; మూడు వృత్తాలు ఒకచోట కలవకపోతే తప్పు ఆ పూటే బయటపడుతుంది.