బేస్‌మెంట్ గదికి సౌండ్ ప్రూఫింగా? ముందు తలుపు సంగతి చూడండి

బెంగళూరులో ఇల్లు కట్టిస్తూ బేస్‌మెంట్‌లో సంగీతానికో హోమ్ థియేటర్‌కో గది అనుకుంటున్నవాళ్లకి ఒక మాట. గోడలకి ఫోమ్ అంటిస్తే చాలనేవాళ్లని నమ్మకండి, అది గదిలో ప్రతిధ్వని తగ్గిస్తుందంతే, బయటికెళ్లే శబ్దాన్ని ఆపదు (కోడిగుడ్ల ట్రేలైతే శుద్ధ దండగ). చుట్టూ మట్టే కాబట్టి గోడల గొడవ తక్కువ, చప్పుడు పైకి పాకేది స్లాబ్‌లోంచి, తలుపు సందుల్లోంచి. ఫాల్స్ సీలింగ్‌ని స్లాబ్‌కి నేరుగా బిగించనివ్వకుండా రబ్బరు హ్యాంగర్లకి వేలాడదీయించి, పైన 50 మి.మీ. రాక్‌వూల్ (రాతితో చేసిన దూదిలాంటి పీచు) పరిచి, 12.5 మి.మీ. జిప్సం బోర్డు రెండు పొరలు, జాయింట్లు ఒకదానిమీద ఒకటి రాకుండా వేయించండి. లైట్ల కోసం దానికి చిల్లులు పెట్టించొద్దు.

మేం తలుపు దగ్గర పప్పులో కాలేశాం. లోపల బోలుగా ఉండే తలుపు, కింద వేలు దూరేంత సందు. మావాడు మృదంగం మొదలెడితే పైన వంటింట్లో ఉన్న అత్తయ్యకి ప్రతి దెబ్బా లెక్కపెట్టగలిగేంతగా వినబడేది. లోపల చెక్క నిండుగా ఉండే బరువైన ఫ్లష్ డోర్‌కి మార్చి, చుట్టూ రబ్బరు బీడింగ్, కింద డ్రాప్ సీల్ (తలుపు మూయగానే కిందికి దిగి సందు మూసే పట్టీ) వేయించాకే చప్పుడు శాంతించింది. ఏసీ పైపు, వైర్ల రంధ్రాలు కూడా సీలెంట్‌తో పూడ్పించండి. ఇంత బిగిస్తే గాలాడదు కాబట్టి గాలి వచ్చినా శబ్దం తేలిగ్గా బయటికి పోకుండా వంపులు తిరిగే డక్ట్ (గాలి గొట్టం) ఒకటి స్లాబ్ వేయకముందే ఇంజనీర్‌కి చెప్పి పెట్టించుకోండి.