కెల్సస్, పోర్ఫిరీ, జూలియన్: ఖండన గ్రంథాల్లోంచి పూర్వపక్షాన్ని చదివే పద్ధతి

తొలి నాలుగు శతాబ్దాల్లో క్రైస్తవాన్ని ఖండిస్తూ గ్రీకు తత్త్వవేత్తలు రాసిన ప్రధాన గ్రంథాలలో ఒక్కటి కూడా మనకు పూర్తిగా దక్కలేదు. క్రీ.శ. 178 ప్రాంతంలో కెల్సస్ రాసిన ‘సత్యవచనం’, మూడో శతాబ్దం చివరి దశకాల్లో పోర్ఫిరీ 15 సంపుటాలుగా రాసిన ‘క్రైస్తవులకు వ్యతిరేకంగా’, 362–63 చలికాలంలో జూలియన్ చక్రవర్తి అంతియొకయలో రాసిన ‘గలిలయులకు వ్యతిరేకంగా’ (క్రైస్తవులను అతడు గలిలయులనేవాడు) అనే మూడూ ముఖ్యంగా తమను ఖండించినవారి పుటల్లోనే మిగిలాయి. గుంటూరులోనో విజయవాడలోనో ఒక హేతువాది కెల్సస్ మాటను ఉటంకిస్తే, దానికి ఒక వేదాంత విద్యార్థి, కెల్సస్‌ను ఖండించిన మూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిజెన్ మాటతో జవాబిస్తాడు; ఇద్దరూ ఒకే పుస్తకంలోంచి మాట్లాడుతున్నారన్న సంగతి మాత్రం ఆ చర్చలో పైకి రాదు. అటువంటి పుస్తకాన్ని ఎలా చదవాలన్నదే ఇక్కడి విషయం.

పూర్వపక్షాన్ని ముందు పెట్టి ఆపైన దాన్ని తోసిపుచ్చడం మన శాస్త్ర గ్రంథాలకు అలవాటైన పద్ధతే. నాగార్జునుడి ‘విగ్రహవ్యావర్తని’లోని 70 కారికల్లో మొదటి 20 ప్రతివాది ఆక్షేపణలే. అయితే అక్కడ ప్రతివాది చేత మాట్లాడించినవాడు నాగార్జునుడే. ఓరిజెన్ అలా కాక, కెల్సస్ పుస్తకాన్ని ఎదురుగా పెట్టుకుని అందులోని వాక్యాలను ఎత్తి రాస్తూ జవాబు చెప్పాడు. అందువల్ల చదవడం మొదలుపెట్టేవారు కెల్సస్ పేరుతో విడిగా అచ్చయిన సంకలనాలను పక్కన పెట్టి, ఓరిజెన్ 8 భాగాల ఖండననే తీసుకోవాలి. విడి సంకలనంలో ఏది కెల్సస్ మాట, ఏది సంపాదకుడు అతికించిన ముక్క అన్నది పాఠకుడికి సులభంగా తెలియదు. ఓరిజెన్‌కు 19వ శతాబ్దపు ఆంగ్లానువాదం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 1953లో హెన్రీ చాడ్విక్ చేసిన అనువాదం గ్రంథాలయంలో దొరికితే దానినే ఎంచుకోవడం మేలు.

పీఠికను వదిలేయకూడదు. తన పోషకుడు అంబ్రోస్ అడిగినందువల్ల ఈ పని చేపట్టానని, మొదట ముఖ్యాంశాలకే క్లుప్తంగా జవాబులు రాసుకుని తరువాత విస్తరించాలనుకున్నానని, మధ్యలో ఆ పద్ధతి మార్చుకున్నానని ఓరిజెన్ అందులో తానే చెప్పాడు. దీన్నిబట్టి, కెల్సస్ గ్రంథపు ఆరంభం మనకు అందిన తీరూ తరువాతి భాగాలు అందిన తీరూ ఒకటి కాదని గ్రహించాలి. నోటుపుస్తకంలో పుటను నిలువుగా రెండుగా విభజించి, ఎడమవైపు కెల్సస్ వాదాన్ని, కుడివైపు ఓరిజెన్ సమాధానాన్ని రాసుకోవాలి. ఎడమవైపు రాసిన ప్రతి వాక్యం పక్కనా అది యథాతథంగా ఎత్తి రాసినదా, సారాంశమా, లేక కెల్సస్ ఉద్దేశం గురించి ఓరిజెన్ చేసిన ఊహా అని గుర్తు పెట్టుకోవాలి. ఈ మూడో రకంతోనే ప్రమాదం ఎక్కువ. కెల్సస్‌ను ఓరిజెన్, దేవతలు లోకాన్ని పట్టించుకోరన్న తత్త్వవేత్త ఎపిక్యూరస్ అనుయాయి అంటాడు. కానీ అతడు ఎత్తి రాసిన వాక్యాలు దాదాపుగా ప్లేటో సంప్రదాయానికి చెందినవి. నాలుగో భాగానికి వచ్చేసరికి ఓరిజెన్‌కే అనుమానం కలిగి, ఈ కెల్సస్ అభిప్రాయం మార్చుకున్నాడేమో, లేక అదే పేరు గల మరొకడేమో అంటాడు.

తరువాత చూడవలసినది, మాట్లాడుతున్నది ఎవరన్నది. యేసు పాంథెరా అనే సైనికుడికి పుట్టినవాడన్న ఆరోపణను కెల్సస్ తన నోట చెప్పలేదు. తాను కల్పించిన ఒక యూదుడి చేత చెప్పించాడు. యూదుడి పాత్ర మొదటి రెండు భాగాల్లో కనిపిస్తుంది. మూడో భాగం నుంచి కెల్సస్ సొంత గొంతుతో మాట్లాడుతూ, ఉన్ని పనివారూ చెప్పులు కుట్టేవారూ ఇళ్లలో పిల్లలకూ స్త్రీలకూ రహస్యంగా బోధిస్తున్నారని ఎగతాళి చేస్తాడు. నాలుగో భాగంలో యూదులనూ క్రైస్తవులనూ కలిపి, చెరువు చుట్టూ కొలువు తీరిన కప్పలతో పోలుస్తాడు. ఆ యూదుడి మాటనూ ఈ మాటనూ ఒకే వరుసలో ఉటంకిస్తే వాదం తలకిందులవుతుంది. ఇంత దూషించినవాడే చివరికి, చక్రవర్తికి అండగా నిలవండి, పదవులు స్వీకరించండి అని క్రైస్తవులను కోరాడు. ఆ కోరికను ముందుగా చదివి మళ్లీ మొదటికి వస్తే కెల్సస్ అసలు భయం రాజ్యం గురించేనని తోస్తుంది. కనీసం నాకు అలాగే తోచింది.

పోర్ఫిరీ విషయంలో ఇంత సౌకర్యం లేదు. ప్లేటో సంప్రదాయపు తత్త్వవేత్త ప్లొటైనస్‌కు శిష్యుడైన ఇతడి గ్రంథాన్ని రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ నిషేధించాడు. 448లో రెండో థియోడోసియస్, మూడో వాలెంటీనియన్ చక్రవర్తులు దాన్ని కాల్చివేయాలని ఆజ్ఞాపించారు. యూసీబియస్, మెథోడియస్, అపొలినారిస్ అనే క్రైస్తవ రచయితలు దానికి రాసిన ఖండనలు కూడా నశించాయి. ఇక్కడ గట్టి ఆధారం 407లో క్రైస్తవ పండితుడు జెరోమ్ బైబిలులోని దానియేలు గ్రంథానికి రాసిన వ్యాఖ్యానం. దానియేలు గ్రంథం బబులోను చెర కాలంలో కాక, క్రీ.పూ. రెండో శతాబ్దంలో సిరియాను ఏలిన గ్రీకు రాజు నాలుగో అంతియొకస్ యూదులను హింసించిన కాలంలో పుట్టిందని, ఆ కాలం వరకు అందులో చెప్పినది అప్పటికే జరిగిన చరిత్ర కాబట్టే సరిపోయిందని పోర్ఫిరీ తన 12వ సంపుటంలో వాదించినట్లు జెరోమ్ చెబుతాడు. కాలనిర్ణయంలో నేటి విద్వాంసుల్లో ఎక్కువమంది పోర్ఫిరీ వైపే ఉన్నారు. దానియేలు 11వ అధ్యాయాన్ని తెలుగు బైబిలులో తెరిచి, పక్కన జెరోమ్ వ్యాఖ్యానం పెట్టుకుని చదవడం ఒక సాయంత్రానికి సరిపడే పని. ఈ మొత్తం అధ్యయనంలో ఎక్కువ ఫలితమిచ్చేది కూడా అదే. మకారియస్ మాగ్నెస్ అనే క్రైస్తవ రచయిత గ్రంథంలో పేరు లేకుండా వచ్చే అన్యమత విమర్శకుడి మాటలను 1916లో జర్మన్ పండితుడు హార్నాక్ తన సంకలనంలో పోర్ఫిరీవిగా చేర్చాడు గాని, అది నేటికీ వివాదంలోనే ఉంది. వాటిని పోర్ఫిరీ పేరుతో ఉటంకించకపోవడమే మంచిది.

జూలియన్‌ను చివరికి ఉంచుకోవచ్చు. క్రైస్తవుడిగా పెరిగినవాడు కనుక లేఖనాలు బాగా ఎరిగి రాశాడు. మోషే ధర్మశాస్త్రాన్ని ఒప్పుకుంటూనే అందులోని బలులను ఎందుకు విడిచారని గలిలయులను నిలదీశాడు. అతడి వాక్యాలు ఎక్కువగా అలెక్సంద్రియ బిషప్ సిరిల్ ఖండనలో దొరుకుతాయి. దూషణలను తాను వదిలేశానని, పలుచోట్ల చెప్పిన ఒకే వాదాన్ని ఒకచోట చేర్చానని సిరిల్ అంగీకరించాడు. అందువల్ల అక్కడి వాక్యాలను జూలియన్‌విగా తీసుకోవచ్చు గాని, వాటి క్రమాన్ని బట్టి అతడి వాదం ఎలా నడిచిందో నిర్ణయించకూడదు.