కీమో రోజుల్లో వంట: ముద్ద దిగకపోతే ఎందుకు, ఏం చేయాలి

క్యాన్సర్‌కి కీమో జరుగుతున్న ఇంట్లో రోజూ వినిపించే మాట "ఇంకో రెండు ముద్దలు తిను". పెట్టేవాళ్లకు దిగులు, తినలేనివాళ్లకు ఏడుపు. ముందుగా ఒకటి చెప్పాలి. ముద్ద దిగకపోవడం మొండితనం కాదు, వంట బాగోలేకా కాదు. అది మందు వల్ల. కీమో మందులు వేగంగా పెరిగే కణాలను దెబ్బతీస్తాయి. క్యాన్సర్ కణాలే కాదు, నోటి లోపలి పొర, పేగుల పొర, రక్తం తయారయ్యే మూలుగ కూడా వేగంగా పెరిగేవే. అందుకే ఒకసారి వికారం, ఒకసారి నోటిపూత, ఇంకోసారి విరేచనాలు. "బలమైన తిండి" అని ఒకే జాబితా పట్టుకుని రోజూ అదే పెడితే లాభం ఉండదు. ఆ రోజు ఏ ఇబ్బంది ఉందో చూసి దానికి వండాలి.

చాలామందికి మూడు వారాలకోసారి మందు ఎక్కిస్తారు. వాళ్లలో సాధారణంగా మొదటి మూడు నాలుగు రోజులు వికారం ఉంటుంది. ఏడు నుంచి పద్నాలుగో రోజు మధ్య క్రిములతో పోరాడే తెల్లరక్తకణాలు బాగా తగ్గుతాయి, నోటిపూత కూడా దాదాపు అప్పుడే వస్తుంది. మూడో వారంలో కాస్త తేరుకుంటారు. వంటగది క్యాలెండర్‌లో కీమో తేదీ గుర్తు పెట్టుకుంటే ఎప్పుడు ఏం వండాలో ముందే తెలుస్తుంది. వారం వారం ఎక్కించుకునేవాళ్లకు ఈ లెక్క మారుతుంది, డాక్టర్‌ని అడిగి రాసుకోండి.

సమస్య: వంట వాసన వస్తేనే కడుపులో తిప్పుతుంది

మందు పేగులను, మెదడులో వాంతులు తెప్పించే భాగాన్ని రెండిటినీ కదిలిస్తుంది. దానికి వేడి వాసన తోడైతే ఇక తట్టుకోలేరు. మన వంటలో అసలు చిక్కు తాలింపు దగ్గరే. ఎండుమిర్చి, ఇంగువ, వెల్లుల్లి నూనెలో పడగానే ఇల్లంతా ఘాటు. కాబట్టి తాలింపు, వేపుళ్లు, చేపల పులుసు లాంటివి ఆ నాలుగు రోజులు పక్కన పెట్టండి. తప్పదనుకుంటే వాళ్లు నిద్రపోతున్నప్పుడు తలుపు వేసి, కిటికీ తీసి చేయండి.

వేడి తగ్గిన తిండికి వాసన తక్కువ. చల్లారిన ఇడ్లీ, పెరుగన్నం, కొద్దిగా అల్లం రసం కలిపిన పల్చటి మజ్జిగ బాగా వెళ్తాయి. పొద్దున లేవగానే వికారంగా ఉంటే మంచం మీదే ఒక రస్కో, గుప్పెడు మరమరాలో ఇచ్చి, పది నిమిషాల తర్వాత లేవమనండి. మూడు పూటలా కంచం నిండా పెట్టే పద్ధతి మానేసి, రెండు గంటలకోసారి చిన్న గిన్నెలో పెట్టండి. నిండు కంచం చూస్తేనే భయపడతారు. నీళ్లు భోజనంతో పాటు కాకుండా మధ్యమధ్యలో గుక్క గుక్కగా తాగించాలి. వాంతుల మాత్ర భోజనానికి అరగంట ముందు వేయవచ్చా అని డాక్టర్‌ని అడగండి. ఈ ఒక్క మార్పుతో తిండి వెళ్లే ఇళ్లు చాలా ఉన్నాయి.

మందు ఎక్కించే రోజు వాళ్లకు ఎంతో ఇష్టమైన వంటకం చేయకండి. తిన్నాక వాంతి అయితే మనసు ఆ వంటకాన్ని వాంతితో ముడిపెట్టుకుంటుంది, తర్వాత నెలల తరబడి దాని మొహం చూడరు. గుత్తివంకాయ మూడో వారానికి దాచండి.

ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. ఆక్సాలిప్లాటిన్ అనే మందు తీసుకుంటున్నవాళ్లకు చల్లటివి పడవు. ఎక్కించిన తర్వాత కొన్ని రోజులు చల్లటి నీళ్లు తగిలితే గొంతు పట్టేసినట్టు, వేళ్లకు సూదులు గుచ్చినట్టు ఉంటుంది. వాళ్లకు ఫ్రిజ్‌లోది ఏదీ వద్దు, గోరువెచ్చగా ఇవ్వండి. మందు పేరు కీమో ఫైల్లో రాసి ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

సమస్య: నోరంతా చేదు, ఇనుము నాకినట్టు ఉందంటారు

సిస్‌ప్లాటిన్, సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందులతో ఇది ఎక్కువ. రుచి మొగ్గలు దెబ్బతిని నాలుక మీద రుచి తారుమారవుతుంది. స్టీలు కంచం, స్టీలు స్పూను ఆ ఇనుము రుచిని ఇంకా పెంచుతాయి. పింగాణీ ప్లేటు, చెక్క లేదా ప్లాస్టిక్ స్పూను వాడి చూడండి. తినే ముందు ఒక కప్పు గోరువెచ్చటి నీళ్లలో పావు టీస్పూను వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి పుక్కిలించాలి.

పులుపు ఇక్కడ బాగా పనిచేస్తుంది. మామిడికాయ పప్పు, నిమ్మకాయ పులిహోర, టమాటా చారు తినగలిగితే తిననివ్వండి. మాంసం చేదుగా ఉందంటే బలవంతం చేయకుండా గుడ్డు, పనీర్, పప్పు వైపు వెళ్లండి. కొందరికి అన్నీ తియ్యగా, కొందరికి అన్నీ ఉప్పగా అనిపిస్తాయి. నిన్న నచ్చింది ఈరోజు నచ్చకపోవచ్చు, కాబట్టి వండాక కాకుండా వండే ముందే అడగండి.

సమస్య: నోట్లో పుండ్లు, మింగాలంటే నరకం

పైన చెప్పిన పులుపంతా ఇక్కడ నిషిద్ధం. చింతపండు, నిమ్మ, టమాటా, కారం, వేడివేడివి, గరగరలాడే కారప్పూస, అప్పడాలు పూర్తిగా ఆపండి. పేస్టులా ఉడికిన పెసరపప్పు అన్నంలో నెయ్యి వేసి మెత్తగా పిసికి పెట్టండి. పాలలో కాచి చల్లార్చిన రాగి జావ, సగ్గుబియ్యం పాయసం, పాలలో నానిన ఇడ్లీ, మిక్సీ పట్టిన సపోటా లేదా అరటిపండు మిల్క్ షేక్ మింగడం తేలిక. కారం లేకుండా రుచి రావాలంటే నెయ్యి, వేయించి పొడి చేసిన జీలకర్ర చాలు. పుండు ఒక పక్కే ఉంటే స్ట్రాతో రెండో పక్క నుంచి తాగవచ్చు. సోడా ఉప్పు నీళ్ల పుక్కిలింత రోజుకు నాలుగైదుసార్లు చేయించండి. ఆల్కహాల్ ఉండే మౌత్‌వాష్ మంట పెంచుతుంది. నోట్లో తెల్లటి మచ్చలు పడితే ఫంగస్ కావచ్చు, నీళ్లు కూడా మింగలేకపోతే ఒంట్లో నీరు తగ్గిపోతుంది. ఈ రెండిటికీ వంటతో పరిష్కారం లేదు, ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

సమస్య: తెల్లరక్తకణాలు పడిపోయాయన్నారు, ఏం పెట్టాలో తెలియడం లేదు

ఇక్కడ ఏం వండారన్న దానికంటే ఎలా వండారు, ఎంతసేపు బయట ఉంచారు అన్నదే ముఖ్యం. మనకు ఏమీ చేయని కొద్దిపాటి క్రిములే వాళ్లను మంచాన పడేస్తాయి. బయట ఉంచిన అన్నంలో పెరిగే కొన్ని క్రిముల విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే ఈ రోజుల్లో చద్దన్నం వద్దు. మిగిలినవి రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మరుసటి రోజు పొగలు వచ్చేలా ఒక్కసారే వేడి చేయండి.

గుడ్డు పచ్చసొన గట్టిపడేదాకా ఉడకాలి, హాఫ్ బాయిల్ వద్దు. మొలకలు, పచ్చి కూరగాయల సలాడ్, రోడ్డు మీద చెరకు రసం, కోసి అమ్మే పండ్లు, పానీపూరీ, హోటల్ కొబ్బరి చట్నీ మానేయండి. తొక్క తీసి తినే అరటి, కమలా పండ్లు తొక్కతోనే బాగా కడిగి ఇవ్వవచ్చు. పచ్చి మాంసం కోసిన చాకుతో కూరగాయలు తరగవద్దు. పెరుగు విషయంలో డాక్టర్లు తలో రకంగా చెబుతారు. మీ డాక్టర్ సరేనంటే కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు వాడండి.

జ్వరం 100.4 డిగ్రీలు లేదా అంతకంటే ఎక్కువుంటే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకండి. అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

సమస్య: విరేచనాలు, లేదంటే అసలు రాకపోవడం

విరేచనాలు పేగు పొర దెబ్బతినడం వల్ల. ఓఆర్‌ఎస్, అరటిపండు, మెత్తని అన్నం, పల్చటి మజ్జిగ ఇవ్వండి. పాలు, నూనె, పీచు కొద్ది రోజులు తగ్గించండి. ఆపే మాత్ర మాత్రం అడగకుండా వేయకండి.

మలబద్ధకానికి విన్‌క్రిస్టిన్ లాంటి మందులతో పాటు వాంతుల మాత్రలు, నొప్పి మందులు కూడా కారణం. బొప్పాయి, తోటకూర, బీరకాయ, నీళ్లు పెంచండి. నీళ్లు పెంచకుండా పీచు ఒక్కటే పెంచితే ఇంకా బిగుస్తుంది. రెండు మూడు రోజులు దాటితే చెప్పాలి.

సమస్య: ఏదో తింటున్నారు కానీ బరువు తగ్గిపోతున్నారు

జావ, చారన్నం, కొబ్బరినీళ్లు, పండ్ల రసాల మీదే నడుస్తున్న ఇళ్లలో ఇది కనిపిస్తుంది. కడుపు నిండుతుంది, కండ కరుగుతుంది. చికిత్సలో ఉన్నవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 గ్రాముకు మించి, వీలైతే 1.5 గ్రాముల దాకా ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి అది 60 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 నుంచి 7, వంద గ్రాముల పనీర్‌లో 18 దాకా, గుప్పెడు పల్లీల్లో 7 ఉంటాయి. కిడ్నీ సమస్య ఉంటే ఎంత ఇవ్వాలో డాక్టర్ చెప్పాలి.

తిండి పరిమాణం పెంచలేరు కాబట్టి అదే గిన్నెలో బలం పెంచాలి. జావలో నీళ్ల బదులు పాలు, దానిలో రెండు చెంచాల పాలపొడి. పుట్నాలు మెత్తగా పొడి కొట్టి జావలో, ఉప్మాలో కలపండి. దోసె మీద గుడ్డు వేసి రెండు వైపులా బాగా కాల్చండి. పప్పులో నెయ్యి ఒక చెంచా ఎక్కువ వేయండి. మూడో వారంలో ఆకలి తిరిగొస్తుంది, చికెన్, చేప, గుడ్డు కూర అన్నీ అప్పుడే.

సమస్య: వచ్చినవాళ్లంతా తలో పథ్యం చెబుతున్నారు

"వంకాయ వద్దు, గుడ్డు వేడి, పంచదార క్యాన్సర్‌ని పెంచుతుంది." అసలే ఏమీ తినలేని మనిషికి ఇన్ని నిషేధాలు పెట్టడం అన్యాయం. పంచదార మానేస్తే క్యాన్సర్ ఆగుతుందనడానికి ఆధారం లేదు. షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరుగుతుంది కాబట్టి వాళ్లు చూసుకోవాలి. కూరలో వేసే పసుపుతో ఇబ్బంది లేదు. పసుపు క్యాప్సూళ్లు, బొప్పాయి ఆకు రసం, ఊరి మందులు మాత్రం కీమోతో కలిసి ఏం చేస్తాయో తెలియకుండా వాడకూడదు, ముందు డాక్టర్‌కు చూపించండి. చేయగలిగిన సాయం ఏమిటని బంధువులు అడిగితే మొహమాటపడకుండా చెప్పండి: "ఇడ్లీ పిండి రుబ్బి తెచ్చిపెట్టు పిన్నీ."

సమస్య: ఒకరి కోసం వండేసరికి మిగతావాళ్లకు వండే ఓపిక ఉండదు

రెండు వంటలు చేయకండి. కుక్కర్లో పప్పు, అన్నం అందరికీ ఒకేసారి పెట్టి, తాలింపు, కారం, చింతపండు వేయకముందే వాళ్ల భాగం తీసేయండి. మిగతాది పిల్లలకు మామూలుగా చేయండి. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి చుట్టుపక్కల, జిల్లాల నుంచి వచ్చి గదుల్లో ఉండేవాళ్లకు ఒక్క స్టవ్వే ఉంటుంది. వాళ్లకు ఈ పద్ధతి, ఒక చిన్న కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్ ఉంటే రోజు గడుస్తుంది. తోడుగా ఉన్నవాళ్లు టీ, బిస్కెట్లతో సరిపెట్టుకోవద్దు. మీరు పడిపోతే ఆ మనిషిని చూసేవాళ్లు ఉండరు.

కొన్ని ఇళ్లలో కీమో తీసుకుంటున్నవాళ్ల కంచం, గ్లాసు వేరుగా పెడతారు. క్యాన్సర్ అంటుకోదు, పక్కన కూర్చుని కలిసి తినండి. గిన్నెలు మామూలు సబ్బుతో కడిగితే చాలు. మందు ఎక్కించిన తర్వాత రెండు రోజులు మాత్రం వాంతి, మూత్రం శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకుని, తర్వాత చేతులు సబ్బుతో బాగా కడుక్కున్నాకే వంట ముట్టుకోండి.