మొటిమలకి చైనా సూదులు: వెళ్లే ముందు తెలుసుకోవాల్సినవి

చైనాలోని నాన్జింగ్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాను. ఏటా జూనియర్లలో ఎవరో ఒకరు ముఖం నిండా మొటిమలతో వచ్చి, "అక్కా, ఇక్కడ సూదులు పొడిపించుకుంటే పోతాయట కదా?" అంటారు. వాళ్లకి చెప్పేదే ఇది.

మసాజ్ సెంటర్లు, బ్యూటీ పార్లర్లు వద్దు. చైనీస్ వైద్య ఆసుపత్రుల్లో ఆక్యుపంక్చర్‌కి, అంటే ఈ సూదుల వైద్యానికి, విడిగా విభాగం ఉంటుంది, అక్కడికే వెళ్లండి. మేకప్ వద్దు. మోచేతులు, మోకాళ్ల పైకి మడిచే వీలున్న వదులు బట్టలు వేసుకోండి. ఖాళీ కడుపుతో వెళ్తే కళ్లు తిరుగుతాయి. కాఫీ తాగితే నాలుక రంగు మారుతుంది, డాక్టర్ ముందు చూసేది ఆ నాలుకనే. తర్వాత నాడి చూసి నెలసరి, నిద్ర, విరేచనం గురించి అడుగుతారు. గర్భం ఉన్నా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా అడక్కముందే చెప్పండి.

సూది మందం పావు మిల్లీమీటరు ఉంటుందేమో. సీలున్న ప్యాకెట్ మీ ఎదుటే చించాలి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండలో, మోచేయి మడత చివర, మోకాలి కింద గుచ్చుతారు. గుచ్చేటప్పుడు చీమ కుట్టినట్టుంటుంది, అంతే. ఆ తర్వాత సూదిని వేళ్లతో మెల్లగా తిప్పుతుంటే లోపల లాగుతున్నట్టు బరువెక్కుతుంది. డాక్టర్‌కి కావాల్సింది అదే. కరెంటు షాక్‌లా జివ్వుమంటే మాత్రం వెంటనే చెప్పండి. 20-30 నిమిషాలు కదలకూడదు. చేతులకి సూదులుంటాయి కాబట్టి పాటలేవో ముందే పెట్టుకోండి.

"లోపల వేడి ఉంది" అంటారు. మన అమ్మలు "వేడి చేసింది" అన్నట్టే! ఆ వేడి తీయడానికని మెడ వెనుక గుచ్చి, కప్పు పెట్టి కాస్త రక్తం తీస్తామంటారు. అది మీ ఇష్టం. ఎర్రగా కాల్చిన సూదితో మొటిమనే పొడిచే పద్ధతి కూడా ఉంది, దానికి మాత్రం నేను వద్దంటాను. మొటిమ గిల్లితేనే నెలల తరబడి నల్లమచ్చ ఉండిపోయే చర్మం మనది. "చేతులకీ కాళ్లకీ చాలు" అనేయండి.

మరి పోతాయా అంటే, వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2015 నాటి సమీక్షలో ఆక్యుపంక్చర్‌కి గట్టి ఆధారం దొరకలేదు. అందుకే చర్మ డాక్టర్ రాసిచ్చిన అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటి పూత మందులు మానొద్దు. గడ్డకట్టి మచ్చలు పడే మొటిమలైతే ముందు చర్మ డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

సూది పొడిచిన చోట కమిలితే కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. ఎర్రగా వాచి చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆసుపత్రికి వెళ్లండి. ఆన్‌లైన్‌లో సూదులు కొని హాస్టల్ రూములో ఒకళ్లకొకళ్లు పొడుచుకునే పని మాత్రం అస్సలు పెట్టుకోకండి.