విండోస్ 11కి మారాలా, ఆగాలా? సమస్య - కారణం - పరిష్కారం

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ మర్నాడు ఏ కంప్యూటరూ ఆగిపోలేదు, నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లే ఆగాయి. నెట్‌కి కలిపి వాడే మెషీన్ అయితే మూడింట్లో ఒక దారి పట్టాల్సిందే: విండోస్ 11కి మారడం, విండోస్ 10కి అదనపు గడువు తీసుకోవడం, వేరే సిస్టమ్ వేసుకోవడం. ఏ దారి అన్నది మెషీన్ దగ్గర కూర్చుని తేల్చుకోవాలి. కుదరదంటూ వచ్చే మెసేజ్‌కి కారణం చాలాసార్లు పాత హార్డ్‌వేర్ కాదు, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కన్నా ముందు నడిచే, మదర్‌బోర్డు మీది సాఫ్ట్‌వేర్) ఆఫ్ చేసి ఉన్న ఒక సెట్టింగ్. నిజంగా దారి మూసేసేది ఎక్కువగా ప్రాసెసరే, అందుకే దాన్నే ముందు చూడాలి.

సమస్య: "ఈ పీసీ విండోస్ 11కి సరిపోదు" అని వస్తోంది

ఆ ఒక్క వాక్యంతో ఏమీ తెలియదు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ యాప్ వేసుకుని, చెక్ చేశాక అన్ని ఫలితాలూ చూపించే బటన్ నొక్కండి. ఏ అంశం దగ్గర ఆగిందో విడివిడిగా కనిపిస్తుంది. కనీసం కావాల్సినవి: రెండు కోర్ల 64-బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, సెక్యూర్ బూట్‌కి (నమ్మదగిన సిస్టమ్‌నే బూట్ కానిచ్చే రక్షణ) వీలున్న యూఈఎఫ్‌ఐ (బయోస్‌కి కొత్త రూపం), టీపీఎం 2.0 (ఎన్‌క్రిప్షన్ కీలు దాచే భద్రతా భాగం). ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలో కూడా ఉండాలి.

*కారణం ప్రాసెసర్ అయితే:* ఇంటెల్‌లో 8వ తరం నుంచి ఆమోదం ఉంది. 7వ తరంలో వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. తరం తెలుసుకోవడం తేలిక: ఐ5-7200యూ అంటే 7వ తరం, ఐ5-8250యూ అంటే 8వ తరం, ఐ5-10210యూ అంటే 10వ తరం. ఏఎండీ దగ్గరే కాస్త తికమక. రైజెన్ 2000 సిరీస్ నుంచి సరిపోతాయని అందరూ చెబుతారు గానీ, అదే సిరీస్‌లో గ్రాఫిక్స్ కలిసి వచ్చిన 2200జీ, 2400జీ, 2500యూ లాంటివి జాబితాలో లేవు. పేరుకి 2000 సిరీసే అయినా లోపలున్నది మొదటి తరం జెన్ డిజైన్. ప్రాసెసర్ జాబితాలో లేదని తేలితే కింది సెట్టింగ్‌ల జోలికి వెళ్లి ప్రయోజనం లేదు, నేరుగా చివరి భాగం చూడండి.

*కారణం టీపీఎం అయితే:* విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి "టీపీఎం డాట్ ఎంఎస్‌సీ" అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని ఉంటే సరే. టీపీఎం దొరకలేదని వస్తే కంగారుపడి విడిగా చిప్ కొనకండి. 8వ తరం ఇంటెల్‌లో, ఆ కాలపు రైజెన్‌లో ఆ పని ఫర్మ్‌వేరే చేస్తుంది. సొంతంగా అసెంబుల్ చేసిన డెస్క్‌టాప్‌లలో అది ఆఫ్‌లో ఉండటం మామూలే. బయోస్‌లో ఇంటెల్ బోర్డు మీద "పీటీటీ" పేరుతోనూ, ఏఎండీ బోర్డు మీద "ఎఫ్‌టీపీఎం" పేరుతోనూ ఉంటుంది. ఎక్కువగా అడ్వాన్స్‌డ్ లేదా సెక్యూరిటీ మెనూలో దొరుకుతుంది. అయితే దాన్ని ముట్టుకునే ముందు బిట్‌లాకర్ (డ్రైవ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) గురించి కింద రాసింది చదవండి.

సమస్య: సెక్యూర్ బూట్ "అన్‌సపోర్టెడ్" అని చూపిస్తోంది

సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి రెండు వరుసలు చూడాలి: బయోస్ మోడ్, సెక్యూర్ బూట్ స్టేట్. రెండోది "ఆఫ్" అని ఉంటే ఇబ్బంది లేదు. ఆన్ చేయడానికి వీలుంటే చాలన్నదే అక్కడి నిబంధన. బయోస్ మోడ్ "లెగసీ" అని ఉంటే మాత్రం అసలు పని మిగిలే ఉంది.

*కారణం:* విండోస్‌ని పాత పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత తరహా పార్టిషన్ పట్టిక ఉన్న డిస్క్ మీద ఇన్‌స్టాల్ చేశారు. బోర్డుకి యూఈఎఫ్‌ఐ ఉన్నా వాడుకోవడం లేదు.

*పరిష్కారం:* విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో డేటా పోకుండా డిస్క్‌ని యూఈఎఫ్‌ఐకి కావాల్సిన జీపీటీ పద్ధతికి మార్చవచ్చు. వరుస తప్పకుండా చేయండి.

1. ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌కి కాపీ చేయండి. టూల్ నమ్మకమైనదే, కానీ మధ్యలో కరెంటు పోతే ఆదుకునేది కాపీ ఒక్కటే.
2. బిట్‌లాకర్ ఉంటే సస్పెండ్ చేయండి.
3. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, టూల్‌ని ముందు "వాలిడేట్" ఆప్షన్‌తో మాత్రమే నడపండి. నడుస్తున్న విండోస్ నుంచే చేస్తున్నారు కాబట్టి "అలౌ ఫుల్ ఓఎస్" ఆప్షన్ కూడా కలపాలి.
4. వాలిడేషన్ విజయవంతమైతేనే "కన్వర్ట్" ఆప్షన్‌తో నడపండి.
5. రీస్టార్ట్ చేసి, బయోస్‌లోకి వెళ్లి, సీఎస్‌ఎం (పాత పద్ధతి బూట్‌కి వీలిచ్చే సెట్టింగ్) లేదా లెగసీ బూట్‌ని ఆపి యూఈఎఫ్‌ఐకి మార్చండి.

మూడో మెట్టు దగ్గర ఫెయిల్ అయితే ఎక్కువగా కారణం పార్టిషన్లే. ఈ టూల్ గరిష్ఠంగా మూడు ప్రైమరీ పార్టిషన్లనే ఒప్పుకుంటుంది, ఎక్స్‌టెండెడ్ లేదా లాజికల్ పార్టిషన్ ఉంటే ముందుకు కదలదు. లాజికల్ డ్రైవ్‌లలోని ఫైళ్లు బయటికి తీసి, ఆ పార్టిషన్లు తొలగించాక మళ్లీ ప్రయత్నించాలి.

తొందరపడి అయిదో మెట్టు ముందే చేస్తే బూట్ డివైస్ లేదని నల్లటి తెర వస్తుంది. డిస్క్‌కి ఏమీ కాలేదు. బయోస్‌లో సీఎస్‌ఎం మళ్లీ ఆన్ చేస్తే విండోస్ ఎప్పట్లాగే వస్తుంది. పాత గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్‌లో మాత్రం చిక్కు ఇంకో రకం: కార్డులో యూఈఎఫ్‌ఐకి తగ్గ ఫర్మ్‌వేర్ లేకపోతే సీఎస్‌ఎం ఆపగానే బయోస్ తెర కూడా కనిపించదు. అప్పుడు పవర్ కేబుల్ తీసేసి, మదర్‌బోర్డు మాన్యువల్‌లో చెప్పినట్టు సీమాస్ (బయోస్ సెట్టింగ్‌లు దాచుకునే మెమరీ) క్లియర్ చేస్తే సెట్టింగ్‌లు మొదటికొస్తాయి. చాలా పాత బోర్డుల్లో సీఎస్‌ఎం కూడా అప్పుడే తిరిగి ఆన్ అవుతుంది.

సమస్య: బయోస్ మార్చాక 48 అంకెల కీ అడుగుతోంది

డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంది. టీపీఎం సెట్టింగ్ గానీ బూట్ పద్ధతి గానీ మారేసరికి, వేరేవాళ్లెవరో తెరవబోతున్నారని బిట్‌లాకర్ అనుమానించింది. చాలామందికి తమ ల్యాప్‌టాప్‌లో ఇది ఉందన్న సంగతే తెలియదు. హోమ్ ఎడిషన్‌లో కూడా "డివైస్ ఎన్‌క్రిప్షన్" పేరుతో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయినప్పుడే అది ఆన్ అయి ఉండొచ్చు.

వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో అదే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి, డివైస్‌ల పేజీలో రికవరీ కీ వెతకండి. తెర మీద కనిపించే కీ ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలూ అక్కడున్న ఐడీతో సరిపోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ ఆఫీసు ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. కీ దొరక్కపోతే, మార్చిన సెట్టింగ్‌ని యథాస్థితికి తెచ్చి చూడండి, చాలాసార్లు తలుపు తెరుచుకుంటుంది. అదీ కాకపోతే డేటా పోయినట్టే. అందుకే బయోస్‌లో వేలు పెట్టకముందే కీ కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

సమస్య: అర్హత ఉందంటోంది, కానీ విండోస్ అప్‌డేట్‌లో రావడం లేదు

కొన్ని డ్రైవర్లకీ సాఫ్ట్‌వేర్లకీ కొత్త వెర్షన్‌తో పడదని తెలిసినప్పుడు, అవి ఉన్న కంప్యూటర్లకి మైక్రోసాఫ్ట్ తాత్కాలికంగా అప్‌గ్రేడ్ ఆపుతుంది. ఇది మీ మేలుకే. ఐఎస్‌ఓ (పూర్తి ఇన్‌స్టలేషన్ ఫైల్) దించుకుని బలవంతంగా వేస్తే ఆ అడ్డు తప్పుతుంది గానీ, ఏ లోపం కోసం ఆపారో అది నేరుగా మీ మీదికే వస్తుంది. డ్రైవర్లు, బయోస్ అప్‌డేట్ చేసి కొన్ని వారాలు ఆగడం మంచిది. కనెక్షన్ "మీటర్డ్" (డేటా పొదుపుగా వాడాల్సినది) అని పెట్టి ఉందేమో కూడా చూడండి.

సమస్య: ఇన్‌స్టాల్ మధ్యలో ఆగి పాత విండోస్‌కే తిరిగొస్తోంది

ఎర్రర్ కోడ్ రాసుకోండి. చివరి అంకెలు 80070070 అయితే సీ డ్రైవ్‌లో చోటు చాలలేదు. డిస్క్ క్లీనప్‌తో టెంపరరీ ఫైళ్లు తీసేసి 30 జీబీ దాకా ఖాళీ ఉండేలా చూడండి. 1900208 అయితే ఏదో ఒక ప్రోగ్రామ్ అడ్డుపడుతోంది, దాన్ని తీసేయాలి.

తరచుగా తగిలేదీ, విసిగించేదీ 1900101. ఇది దాదాపు ఎప్పుడూ డ్రైవర్ గొడవే. కొత్త సిస్టమ్ మొదటిసారి బూట్ అవుతూ పాత డ్రైవర్‌ని లోడ్ చేయబోయి పడిపోతుంది, సెటప్ వెనక్కి తగ్గుతుంది. కీబోర్డు, మౌస్ తప్ప యూఎస్‌బీకి తగిలించినవన్నీ తీసేయండి. బయటి యాంటీవైరస్‌ని డిసేబుల్ చేస్తే చాలదు, పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేయండి, దాని డ్రైవర్లు డిసేబుల్ చేసినా లోడ్ అవుతూనే ఉంటాయి. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తున్నవాటిని సరిచేసి, కంపెనీ సైట్ నుంచి స్టోరేజ్, గ్రాఫిక్స్ డ్రైవర్లు కొత్తవి వేయండి. అయినా ఆగితే మైక్రోసాఫ్ట్ వారి సెటప్‌డయాగ్ టూల్ నడపండి. అది సెటప్ లాగ్‌లు చదివి, తెలిసిన కారణమైతే పేరు పెట్టి చెబుతుంది.

సమస్య: కంప్యూటర్ ఇప్పటికే నెమ్మది. మారితే వేగం వస్తుందా?

రాదు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి, ఏ పనీ చేయనప్పుడు డిస్క్ శాతం చూడండి. హార్డ్ డిస్క్ ఉండి 100 దగ్గరే తిరుగుతుంటే ముందు దాన్ని తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయాలి. అప్‌గ్రేడ్ సంగతి తర్వాత. 4 జీబీ ర్యామ్‌తో విండోస్ 11 ఇన్‌స్టాల్ అవుతుంది, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే చతికిలబడుతుంది. 8 జీబీ లేకుండా మారకపోవడమే మేలు. హ్యాంగ్ అవడం, నీలి తెర లాంటివి ఉంటే వాటినీ ముందే తేల్చుకోవాలి. ఉన్న సిస్టమ్ మీద చేసే అప్‌గ్రేడ్ ప్రోగ్రామ్‌లతోపాటు పాత రోగాల్నీ వెంట తీసుకెళ్తుంది.

సమస్య: పాత ప్రింటరో అకౌంటింగ్ సాఫ్ట్‌వేరో పనిచేయదేమో

64-బిట్ విండోస్ 10లో నడుస్తున్నవి ఎక్కువగా 11లోనూ నడుస్తాయి. ప్రమాదమల్లా 32-బిట్ విండోస్ 10 వాడేవారికి. విండోస్ 11లో 32-బిట్ ఎడిషనే లేదు, పైనుంచి అప్‌గ్రేడ్ కుదరదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలి. 32-బిట్ డ్రైవర్ మాత్రమే ఉన్న పరికరాలు, డాస్ కాలపు 16-బిట్ ప్రోగ్రామ్‌లు అక్కడ నేరుగా నడవవు. వ్యాపారం లెక్కలు అలాంటి దాని మీదే ఉంటే ఆ మెషీన్‌ని నెట్ తీసేసి అలాగే ఉంచి, మిగతా పనులకి వేరేది చూసుకోండి.

సమస్య: మారాను, కానీ ఇబ్బందిగా ఉంది

మొదటి ఒకటి రెండు రోజులు ఫ్యాన్ ఎక్కువ తిరగడం మామూలే, వెనకాల ఫైళ్ల ఇండెక్సింగ్ నడుస్తుంది. అంతకు మించిన ఇబ్బందైతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అక్కడ రికవరీలోకి వెళ్లి "గో బ్యాక్" నొక్కండి. గడువు 10 రోజులే. ఆలోగా డిస్క్ క్లీనప్‌లో "పాత విండోస్ ఇన్‌స్టలేషన్" తీసేస్తే ఆ బటన్ పనిచేయదు. మారాక వేసుకున్న ప్రోగ్రామ్‌లు వెనక్కి వచ్చినప్పుడు ఉండవు.

సమస్య: ప్రాసెసర్ జాబితాలో లేదు

విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయితే, వ్యక్తిగత వాడకానికి ఈఎస్‌యూ (అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు) అనే పొడిగింపును 2026 అక్టోబర్ 13 దాకా మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు లింక్ ఉంటుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. వచ్చేవి సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రమే.

తనిఖీలు దాటవేసి విండోస్ 11 వేసే పద్ధతులు బోలెడు తిరుగుతున్నాయి. పని చేస్తాయి కూడా. కానీ అలాంటి మెషీన్లకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు, ఏటా వచ్చే పెద్ద వెర్షన్ మీరే చేత్తో వేసుకోవాల్సి రావచ్చు. విండోస్ 11 వెర్షన్ 24హెచ్2 నుంచి, ఎస్‌ఎస్‌ఈ4.2 అనే ప్రాసెసర్ ఆదేశాల సమూహం లేని ప్రాసెసర్ల మీద, అంటే కోర్ 2 డ్యుయో కాలం నాటి వాటి మీద, అసలు బూటే అవ్వదు. ప్రయోగాలకి పెట్టుకున్న మెషీన్ అయితే చేయండి, రోజూ జీవనాధారమైన దాని మీద వద్దు.

బ్రౌజింగ్, మెయిల్, రాతకోతల వరకే వాడేవారికి లైనక్స్ మింట్ లాంటిది మంచి దారి. 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఐఎస్‌ఓ రాసి, ఇన్‌స్టాల్ చేయకుండానే దాన్నుంచి బూట్ చేయండి. వై-ఫై, సౌండ్, ప్రింటర్, తెలుగు టైపింగ్, మూత మూసి తెరిస్తే నిద్రలేవడం, ఈ అయిదూ చూసుకున్నాకే డిస్క్ మీద వేయండి.