చలికి ముందు లాన్‌కు ఎరువు వేశాక పచ్చిక పాడైతే: విశాఖ ఇళ్లకు సమస్య - పరిష్కారం

ముందుగా ఒక పొరపాటు సరిదిద్దుకోవాలి. చలికి ముందు లాన్‌కు నత్రజని దండిగా వేయమనే సలహా ఫెస్క్యూ, బ్లూగ్రాస్, రై గడ్డి లాంటి చలిదేశపు పచ్చికలది. అక్కడ ఆకు ఎదుగుదల ఆగిపోయినా చల్లని నేలలో వేరు పనిచేస్తూనే ఉంటుంది. తీసుకున్న పోషకం దాచుకుని వసంతంలో తొందరగా పచ్చబడుతుంది. మన పెరట్లో ఉండేది గరిక జాతి, లేకపోతే నర్సరీలో మెక్సికన్ గ్రాస్, కొరియన్ గ్రాస్ అని ఇచ్చేది. ఇవి వేడిదేశపు పచ్చికలు. విశాఖలో రాత్రులు 17, 18 డిగ్రీలకు దిగితే ఇవి పూర్తిగా నిద్రపోవు గానీ మందగిస్తాయి. ఆ సమయంలో నత్రజని ఎక్కువైతే వేరుకు బలం రాదు, మెత్తటి ఆకు వస్తుంది, దాని వెంట తెగులు వస్తుంది.

మన మోతాదు వంద చదరపు అడుగులకు యూరియా 50 గ్రాములు, పొటాష్ 50 గ్రాములు. దీపావళి దాటాక, నవంబర్ మధ్యలోపు ఒక్కసారే వేయాలి. తర్వాత శివరాత్రి దాకా నత్రజని ముట్టుకోవద్దు.

సమస్య: ఎరువు వేసిన రెండు మూడు రోజులకే మాడిన చుక్కలు, చారలు

ఇది తెగులు కాదు, యూరియా కాల్చిన గుర్తు. మంచు తడి ఆరని ఆకు మీద గుళిక పడితే జారిపోదు, అంటుకుని అక్కడే కరుగుతుంది. ఆ చిక్కటి ద్రావణం ఆకులోని నీటిని బయటకు లాగేస్తుంది. మొదట కందిగింజంత తెల్లటి చుక్క కనిపిస్తుంది, మర్నాటికి ఎండుగడ్డి రంగుకు మారుతుంది. చేతితో చల్లేటప్పుడు గుప్పెట తెరిచిన చోట ఇవి ఒకదాన్నొకటి కలిసి విల్లులా వంగిన చార అవుతాయి. ఆ వంపు కనిపించిందంటే కారణం వెతకక్కర్లేదు.

వెంటనే వంద చదరపు అడుగులకు 200 లీటర్ల నీళ్లు నెమ్మదిగా పెట్టండి, మర్నాడు ఇంకోసారి. కింద కణుపు పచ్చగా ఉంటే మూడు నాలుగు వారాల్లో కొత్త ఆకు వస్తుంది. మాడిన చోట మళ్లీ ఎరువు వేయవద్దు.

వచ్చేసారి ఎరువును పదింతల పొడి ఏటి ఇసుకలో కలపండి. సముద్రపు ఇసుక వద్దు, అందులో ఉప్పు ఉంటుంది. సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లండి. ఎండెక్కి మంచు ఆరాకే మొదలుపెట్టి, చల్లగానే వంద అడుగులకు నాలుగు పెద్ద బకెట్ల నీళ్లు పోయండి.

సమస్య: ఎరువు వేసినా పసుపు పోలేదు

వంగి ఒక మొక్కను పీకి చూడండి. అడుగు ఆకులు ముందుగా, మొత్తంగా పసుపెక్కితే నత్రజని అందలేదన్నమాట. తీరం దగ్గరి ఇసుక నేలలో ఒక్క గట్టి వానకే యూరియా కిందికి కొట్టుకుపోతుంది. అక్టోబర్, నవంబర్ మనకు వాయుగుండాల కాలం, హుద్‌హుద్ తుపాను తీరం దాటింది 2014 అక్టోబర్ 12న. అందుకే అల్పపీడనం వార్త వింటే ఎరువు సంచి విప్పవద్దు. ఇలాంటి ఇసుక నేలలో మాత్రం ఒక్కసారే కాకుండా, వాన వెలిశాక యూరియా 25 గ్రాముల చొప్పున రెండు దఫాలుగా, పదిహేను రోజుల ఎడంతో వేయండి.

కొత్త ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. యూరియా ఎంత వేసినా లాభం లేదు. లీటరు నీటికి అన్నభేది 5 గ్రాములు, నిమ్మఉప్పు 1 గ్రాము కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, వంద అడుగులకు ఒక లీటరు చాలు. గచ్చు, టైల్స్ మీద పడితే తుప్పు మరక పడుతుంది, వెంటనే కడగాలి.

అడుగు వేస్తే నీరు ఊరుతుంటే సమస్య ఎరువుది కాదు, వేరుకు గాలి అందడం లేదు. ఇనుప చువ్వతో నాలుగంగుళాల లోతు, అరడుగు ఎడంతో గుచ్చి, రంధ్రాల్లో ఏటి ఇసుక నింపండి.

సమస్య: ఆకు కొసలు తెల్లబడ్డాయి, సముద్రం వైపున్న అంచులోనే ఎక్కువ

ఉప్పు గాలి పని. గాలి వీచిన మర్నాడు మంచినీటితో ఆకులు కడగండి. ఇలాంటి చోట మామూలు ఎర్ర పొటాష్ వద్దు, అది క్లోరైడ్, ఉప్పు భారం ఇంకా పెంచుతుంది. దాని బదులు వంద చదరపు అడుగులకు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 60 గ్రాములు వేయండి.

సమస్య: గుండ్రటి మచ్చలు

పొద్దున్నే, మంచు ఆరకముందే చూడాలి. రూపాయి బిళ్లంత మచ్చల మీద సాలెగూడు లాంటి తెల్లటి నూలు ఉంటే అది డాలర్ స్పాట్. ఆకలితో ఉన్న పచ్చికకే ఎక్కువగా వస్తుంది, పైన చెప్పిన మోతాదు వేస్తే చాలావరకు తగ్గుతుంది. మచ్చ అడుగు వెడల్పు దాటి, అంచు నారింజ రంగులో ఉంటే ఇది పెద్ద మచ్చ తెగులు. దీనికి నత్రజనే మేత. యూరియా ఆపండి, సాయంత్రం నీళ్లు మానేసి తెల్లవారాక పెట్టండి. అప్పటికీ పాకుతుంటే ప్రొపికొనజోల్ అనే తెగులు మందు లీటరు నీటికి 1 మిల్లీలీటరు కలిపి కొట్టండి. రెండింటికీ తేడా తెలియకుండా మందు కొట్టడం, ఎరువు వేయడం రెండూ నష్టమే.

సమస్య: ఏం వేసినా మార్పు లేదు

కత్తితో చిన్న ముక్క కోసి పక్క నుంచి చూడండి. నేలకూ పచ్చదనానికీ మధ్య గోధుమరంగు పీచు అరంగుళం దాటితే, ఎరువూ నీరూ అక్కడే ఆగిపోతున్నాయి. కొరియన్ గ్రాస్‌లో ఇది మామూలే. కానీ చలిలో పీచు దువ్వి తీయవద్దు, గాయం మానడానికి పచ్చికకు శక్తి చాలదు. ఇప్పుడు చువ్వతో గుచ్చి వదిలేసి, దువ్వే పని మార్చి ఎండలకు ఉంచండి.